కీవర్డ్ లెక్కలతో సైటు ఆదాయం ముందే తెలుస్తుందా?

కొత్తబాట · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తెలుగులో మిరప సాగు మీద ఒక సైటు ఆలోచనలో ఉంది. విత్తన రకాలు, తెగుళ్లు, గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డుల ధరలు, ఇలాంటివి. ప్రకటనల మీద ఎంత రావచ్చో చూద్దామని గూగుల్ కీవర్డ్ ప్లానర్‌లో (ఏ మాటను ఎందరు వెతుకుతారో ప్రకటనదారులకు చూపే పరికరం) మిరపకు సంబంధించిన మాటలు వేసి చూశాను. ఒక మాటకు నెలకు 10 వేల నుంచి లక్ష వరకు వెతుకులాటలు అని చూపించింది. పక్క గడిలో పేజీ పైభాగం బిడ్, అంటే క్లిక్కుకు ప్రకటనదారు పెట్టే ధర, పది రూపాయలకు అటూ ఇటూగా ఉంది. తక్కువలో తక్కువ పదివేలే అనుకున్నా, పదివేలను పదితో హెచ్చిస్తే నెలకు లక్ష రూపాయలు. నా పట్టికలో ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి. పోటీ గడిలో "తక్కువ" అని కూడా ఉంది. ఈ లెక్క సరైనదేనా? దీన్ని బట్టి ఒక నిర్ణయం తీసుకోవాలి.

నిద్రపట్టనివాడు · 9:52

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

లెక్కల పంతులు · 10:15

వెటకారం తరువాత, ముందు లెక్క చూద్దాం. కొత్తబాట గారూ, మీరు వెతికినవాళ్లందరూ మీ సైటుకే వచ్చి, వచ్చినవాళ్లందరూ ప్రకటన నొక్కి, ఆ డబ్బంతా మీకే ఇచ్చేసినట్టు గుణించారు. మధ్యలో మూడు జల్లెడలున్నాయి.

పదివేల మంది వెతికారనుకుందాం. మీ పేజీ పైవరుసలో కనిపించి, అందులో అయిదో వంతు మీ దగ్గరకు వస్తే రెండు వేల మంది. కొత్త సైటుకు ఇది చాలా ఉదారమైన అంచనా. నూటికి ఒకటిన్నర మంది ప్రకటన నొక్కారనుకుంటే ముప్ఫై క్లిక్కులు. క్లిక్కుకు పది రూపాయలనే ఒప్పుకుందాం. అందులో సైటు యజమానికి చేరేది 68 శాతం, ఈ వాటాను గూగుల్ 2010లోనే బయటపెట్టింది. 30 × 6.80 = 204 రూపాయలు. మీ లక్షకు అసలు రూపం ఇది.

మన సైట్లలో ప్రకటనలు వేసి వాటా ఇచ్చే గూగుల్ సేవ యాడ్‌సెన్స్, వంద డాలర్లు దాటితే గానీ డబ్బు పంపదు. నెలకు 204 చొప్పున అక్కడికి చేరడానికి మూడేళ్లు దాటుతుంది. ఒక్క మాటతో కాదు, వంద మాటలతో రాస్తానంటారా, అప్పుడు వందకూ విడివిడిగా ఇదే లెక్క వేయండి. అంతేగాని లెక్కే వేయవద్దని ఎవరైనా అంటే నమ్మకండి.

నాగలి · 10:48

పంతులు గారి గుణకారంలో తప్పు లేదు. గుణించిన అంకెలే తప్పు.

ఒకటి, ఆ పది రూపాయలు గూగుల్ వెతుకులాట ఫలితాల పైన తమ ప్రకటన కనిపించడానికి వ్యాపారులు పెట్టే బిడ్. మీ సైటులో వ్యాసం మధ్యన వచ్చే ప్రకటన ధర కాదు. రెంటికీ చాలా తేడా ఉంటుంది, మన వైపు ధరే తక్కువ. రెండు, మిరప పేజీ మీద మిరప ప్రకటనే వస్తుందనే నమ్మకం ఎప్పుడో పోయింది. ప్రకటన చదివేవాడి వెంట తిరుగుతుంది. నిన్న అతను చెప్పుల కోసం వెతికి ఉంటే నా పేజీలో చెప్పులే కనిపిస్తాయి. ఇక మిరప బిడ్ ఎంతయితే ఏమిటి? మూడు, 2023 నవంబరులో ప్రకటించినట్టుగా 2024 నుంచి యాడ్‌సెన్స్ క్లిక్కుకు కాకుండా ప్రకటన కనిపించినందుకే చెల్లిస్తోంది. నూటికి ఒకటిన్నర క్లిక్కు అన్న జల్లెడ పోయినట్టే.

నాలుగోది అసలైనది. మిరప రైతు ఏమని వెతుకుతాడో ఆ ప్లానర్‌కు తెలియదు. నా సైటులో ఎక్కువమంది చదివే పేజీకి "మిరప ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి" అని టైపు చేసి వస్తారు. పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే తెల్లనల్లి. మందు వేరు, ఖర్చు వేరు. ఆకు చేతిలో పట్టుకుని, రెండో చేత్తో ఫోనులో టైపు చేసే మాట అది. ప్లానర్‌లో వేసి చూడండి, అంకె ఉండాల్సిన చోట ఒక గీత ఉంటుంది. జనం ఏ మాటలు వెతికి మన సైటుకు వచ్చారో గూగుల్ చూపించే సెర్చ్ కన్సోల్‌లో మాత్రం అదే మాట అరవై రకాల అక్షరక్రమంతో, సగం ఇంగ్లిషు అక్షరాలతో కనిపిస్తుంది.

సందుచివర · 11:02

ఎవరూ పోటీ గడి సంగతి మాట్లాడటం లేదు. ప్లానర్‌లో "పోటీ తక్కువ" అంటే ఆ మాట మీద ప్రకటన ఇచ్చేవాళ్లు తక్కువ అని అర్థం. పేజీ పైకి రావడం తేలిక అని కాదు. కొత్తబాట గారు దాన్ని శుభవార్తగా తీసుకున్నట్టున్నారు. ప్రకటనల కోణంలో అది దుర్వార్త.

లెక్కల పంతులు · 11:20

నాగలి గారూ, మీరు చెప్పినవన్నీ కలిపితే నా 204 ఇంకా తగ్గుతుంది. అంటే నా మాటనే బలపరుస్తున్నారు. క్లిక్కు బదులు వెయ్యి వ్యూలకు ఇంత అని లెక్క మార్చుకుంటే సరిపోతుంది, దాన్నే ఆర్‌పీఎం అంటారు. ప్రాంతాన్ని, అంశాన్ని ఎంచుకుంటే యాడ్‌సెన్స్ తన పేజీలోనే ఒక అంచనా ఇస్తుంది.

బిడ్ అంకెను రూపాయల్లో నమ్మమని నేను అనలేదు. రెండు అంశాలను పోల్చడానికి పనికొస్తుంది అంటున్నాను. ఇంటి రుణాల బిడ్, ఆరోగ్య బీమా బిడ్ పెట్టి చూడండి, మిరప బిడ్ పెట్టి చూడండి. ఏ మేత దగ్గర పశువులు ఎక్కువో తెలుస్తుంది. ఆ మాత్రం చూడకుండా రాత్రంతా కూర్చుని రాసేవాళ్లను చాలామందిని చూశాను.

అన్నట్టు, మీ ముడత పేజీ అంతమంది చదువుతున్నారు కదా, ఎంత వస్తోంది?

నాగలి · 11:41

పోల్చడానికీ పనికిరాదు, ఎందుకో వినండి. ప్లానర్ వెనక్కి చూసి మాట్లాడుతుంది. 2021 చివర్లో మన మిరప తోటల్లో నల్ల తామర పురుగు పడింది. పూతలో దూరి, పూలన్నీ రాల్చేసింది. అంతకు ముందు ఆ పేరు విన్న రైతు లేడు, కాబట్టి వెతికినవాడూ లేడు. ఆ రోజుల్లో గడిచిన పన్నెండు నెలల సగటు చూసి ఉంటే సున్నా. నేను ఆ పురుగు గురించి, నీలిరంగు జిగురు అట్టల గురించి రాసిన పేజీకి ఆ శీతాకాలమంతా రాత్రి పన్నెండు గంటలకు కూడా జనం వస్తూనే ఉన్నారు. ఏ కీవర్డ్ పట్టిక చెప్పింది నాకు? మా ఊరి పొలం చెప్పింది.

ఎడిసన్ అత్తయ్య · 11:55

ఇక్కడ న్యూజెర్సీలో ఇంకా మధ్యాహ్నమే. నేను నోములు, వ్రతాల సైటు నడుపుతాను. సగటు మోసం చేస్తుందన్నది నిజం. వరలక్ష్మీ వ్రతం కోసం ఏడాదంతా ఎవరూ వెతకరు, శ్రావణంలో రెండు వారాలు విరగబడతారు. దాన్ని పన్నెండుతో భాగిస్తే ఏమి తెలుస్తుంది? ప్లానర్ నెలనెలా ఎంత వెతికారో గీతల్లో కూడా చూపిస్తుంది, వాటిని చూడండి. ఇంకొక మాట. నాకు ఇండియా నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ, అయినా డబ్బు ఎక్కువగా తెచ్చేది అమెరికా నుంచి చదివేవాళ్లే. అదే పేజీ, అదే కథ, అదే అక్షతలు. ప్లానర్‌లో దేశం మార్చి చూడకుండా ఏ అంచనా వేసినా వృథా.

లెక్కల పంతులు · సోమవారం, ఉదయం 6:30

అత్తయ్య గారు చెప్పినది లెక్కను మెరుగుపరచడం. నాగలి గారు చెప్పేది లెక్కను పారేయడం. తేడా గమనించాలి.

నల్ల తామర పురుగు పేజీకి జనం వచ్చారు, సంతోషం. మళ్లీ అడుగుతున్నాను, ఎంత వచ్చింది? శీర్షికలో ఉన్నది ఆదాయం. మీరు పాఠకుల సంఖ్య చెప్పి తప్పించుకుంటున్నారు.

నాగలి · 7:12

ప్రతిదానికీ ఎంత, ఎంత. సరే, మీలాంటి లెక్కలు ఎక్కడికి తీసుకెళ్తాయో చెబుతాను. మా చిన్నాన్న కొడుకు ఒక శిక్షణ కేంద్రంలో చేరాడు. అక్కడ మొదటి పాఠమే ఇది: ఎక్కువ బిడ్ ఉన్న మాటల జాబితా తీసుకో, దాని మీద రాయి. ఇంటి రుణం అంటే ఏమిటో తెలియని ఇరవై రెండేళ్లవాడు "అతి తక్కువ వడ్డీ ఇంటి రుణాలు" అని రాసుకుంటూ కూర్చున్నాడు. బ్యాంకులు, పెద్ద పత్రికలు ఉన్న వరుసలో వాడి పేజీ ఎన్నో పుటలో ఉందో వాడికే తెలియదు. ఫీజు పోయింది, ఉన్న చిన్న ఉద్యోగం పోయింది. ఇవాళ తెలుగులో ఏది వెతికినా ఇలాంటి పేజీలే ఎదురవుతున్నాయి. పీఎం కిసాన్ డబ్బు పడిందా అని చూడబోతే, పది పేరాల సొల్లు, మధ్యలో నాలుగు ప్రకటనలు, జవాబు మాత్రం ఉండదు. ఈ చెత్తకు మూలం మీరు చెప్పే "ఏ మేత దగ్గర పశువులు ఎక్కువ" అన్న ఆలోచనే.

సందుచివర · 7:20

అదే నేను అంటున్నది. ఇంటి రుణాలకు పోటీ గడిలో "ఎక్కువ" అని ఉంటుంది. మీ తమ్ముడు దాన్ని చూసి భయపడి ఉంటే బాగుండేది అనుకుంటున్నారేమో, కానీ ఆ గడి చెప్పేది ప్రకటనదారుల పోటీ. పేజీల పోటీ ఎక్కడా రాసి ఉండదు. మాటను మామూలుగా వెతికి, మొదటి పుటలో ఎవరున్నారో కళ్లతో చూసుకోవాలి.

లెక్కల పంతులు · 8:05

ఎవరో ఫీజు దండుకుని సగం పాఠం చెబితే ఆ పాపం నాకు అంటగట్టడం ఏమి న్యాయం? నేను పైన వేసిన లెక్కలో మొదటి జల్లెడే "పైవరుసలో కనిపిస్తే". మీ తమ్ముడికి ఆ జల్లెడ ఎవరూ చూపలేదు. చూపి ఉంటే ఉద్యోగం నిలిచేది.

నాకూ ఒక అనుభవం ఉంది. శతక పద్యాలకు అర్థాలు రాసే సైటు ఉండేది నాకు. పదో తరగతి పిల్లలు పరీక్షల ముందు తండోపతండాలుగా వచ్చేవారు. "ఇంతమంది వస్తున్నారు, ఇంకా రాయించు, మనుషులను పెట్టుకో" అని ప్రోత్సహించిన మిత్రులు ఎందరో. ఒక్కరు కూడా ఆ పిల్లలకు ప్రకటన ఇచ్చి ఏమి అమ్ముతారని అడగలేదు. టైపు చేసినవాళ్లకు ఇవ్వాల్సినది నేను నా జేబులోంచి ఇచ్చాను. సైటు మూతపడింది. వ్యూలు చూపించి వీపు తట్టే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే మూడోసారి అడుగుతున్నాను నాగలి గారూ: ఎంత?

నాగలి · 8:31

హోస్టింగ్ ఖర్చు కూడా రాలేదు. చాలా?

ఎందుకు రాలేదో కూడా రాస్తాను. ఆ శీతాకాలం పంట పోయిన రైతులు చదివే పేజీ కింద ఏ ప్రకటనలు వచ్చాయో తెలుసా? అయిదు నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్‌లు. పురుగు వివరం, ఫోటో, వెంటనే కింద "ఆధార్ ఉంటే చాలు, వెంటనే రుణం". డబ్బు అక్కడే ఉంది, మీ లెక్క నిజం. యాడ్‌సెన్స్‌లో ప్రకటనల రకాలను ఆపే ఏర్పాటు ఉంటుంది. వెళ్లి రుణాల ప్రకటనలు మొత్తం ఆపేశాను. ఆ వారం నుంచి ఆదాయం కుంగింది. ఇది మీ పట్టికలో ఏ గడిలో వేస్తారు? బిడ్ ఎక్కువ అంటే ఎవరో ఆ పాఠకుడి మీద అంత లాగబోతున్నారని కదా అర్థం. ఎవరి దగ్గర? తోట ఎండిపోయినవాడి దగ్గర.

నిద్రపట్టనివాడు · 8:36

ఇప్పుడు అసలు సంగతి బయటపడింది.

లెక్కల పంతులు · 9:10

మీరు చేసింది గొప్ప పని, ఆ విషయంలో మీ మీద గౌరవం పెరిగింది. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. మీకు వేరే జీతం ఉంది కాబట్టి ఆపగలిగారు. నెల జీతం లేనివాడు, ఆ సైటు మీదే బియ్యం కొనుక్కోవాల్సినవాడు ఆపలేడు. అలాంటివాణ్ణి "ముందు రాయి, విలువ తరువాత తెలుస్తుంది" అని దింపితే, రేపు ఆ రుణాల ప్రకటనను పేజీకి ఆరుచోట్ల పెట్టేది వాడే. మీరు తిట్టిన ఆ పది పేరాల పేజీలు ఎవరు రాస్తున్నారనుకున్నారు? లెక్క వేసుకుని దిగినవాళ్లు కాదు, వేసుకోకుండా దిగి ఇరుక్కున్నవాళ్లు.

నాగలి · 9:24

ఒప్పుకోను. ఇరుక్కున్నవాళ్లు కొందరే. మిగిలినవాళ్లు బిడ్ చూసి కావాలనే దిగినవాళ్లు. మిరప పేజీకి తక్కువ, అప్పు పేజీకి ఎక్కువ అని ముందే చూపిస్తే ఎవడైనా మిరప గురించి రాస్తాడా? తెలుగు రైతుకు కావలసినది తెలుగులో లేకుండా పోవడానికి అదే కారణం.

లెక్కల పంతులు · 9:30

అంటే కొత్తవాళ్లకు ఆదాయం సంగతి చెప్పకుండా దాచి రాయించాలా? అది ఆ శిక్షణ కేంద్రం చేసిన పనికంటే ఏ విధంగా మేలు?

నిర్వాహకుడు · 9:45

ఇద్దరూ కాస్త నిదానించండి. అసలు అడిగినవారు రాత్రి నుంచి ఒక్క ముక్క మాట్లాడలేదు. కొత్తబాట గారూ, "ఒక నిర్ణయం" అన్నారు, అది ఏమిటి?

కొత్తబాట · మధ్యాహ్నం 1:15

అన్నీ చదివాను. ముందే చెప్పి ఉండవలసింది అంటారేమో. నేను సైటు కొత్తగా పెట్టడం లేదు, కొంటున్నాను. మిరప మీద ఒకరు నడుపుతున్న తెలుగు సైటు అమ్మకానికి ఉంది. ఆయన పంపిన పట్టికలో కీవర్డ్‌లు, వెతుకులాటలు, బిడ్‌లు, చివరి వరుసలో "నెలకు సాధ్యమయ్యే ఆదాయం" అని ఉన్నాయి. నేను మొదట రాసిన గుణకారం ఆ పట్టికలోదే. బయానాగా కొంత ఇచ్చాను. మిగతాది ఈ వారం ఇవ్వాలి. తన యాడ్‌సెన్స్ ఖాతా కూడా సైటుతో పాటే ఇచ్చేస్తానన్నారు.

ఎడిసన్ అత్తయ్య · 1:22

యాడ్‌సెన్స్ ఖాతా ఒకరి నుంచి ఒకరికి బదిలీ కాదు నాయనా. మీరు సొంత ఖాతాతో దరఖాస్తు పెట్టుకుని, సైటు మళ్లీ ఆమోదం పొందాలి. ఆ ఒక్క మాట చాలు అనుమానించడానికి.

లెక్కల పంతులు · 1:40

నడుస్తున్న సైటుకు "సాధ్యమయ్యే ఆదాయం" ఎందుకండీ? వచ్చిన ఆదాయం ఉంటుంది కదా! కీవర్డ్ అంచనా పుట్టని సైటుకు. పుట్టినదానికి సెర్చ్ కన్సోల్ ఉంది, పదహారు నెలల వివరాలు దాచి ఉంచుతుంది. ఏ మాటకు ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కారు, అన్నీ అందులో ఉంటాయి. మీ ఈమెయిల్‌కు చూసే అనుమతి మాత్రమే ఇవ్వమనండి, రెండు నిమిషాల పని. స్క్రీన్‌షాట్లు ఒప్పుకోకండి, అంకెలు మార్చడం ఎవరికైనా తెలుసు. యాడ్‌సెన్స్ నివేదికను వీడియో కాల్‌లో, మీరు చెప్పిన తేదీలు పెట్టి తెరిచి చూపించమనండి.

ఆ 10 వేల నుంచి లక్ష అన్న వెడల్పాటి అంకె కూడా, ప్రకటనల మీద ఖర్చు పెట్టని ఖాతాలకు 2016 నుంచి ప్లానర్ చూపిస్తున్న పద్ధతి. కింది అంచు తీసుకోవాలో పై అంచు తీసుకోవాలో తెలియని అంకె మీద ధర కట్టి అమ్ముతున్నారు మీకు.

నాగలి · 2:05

దానికి తోడు, యార్డు ధరల పేజీ ఉంటే కాలం చూసుకోండి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు మిరప అమ్మకాల సందడి, ఆ నెలల అంకెలు చూపించి ఏడాదంతా ఇంతే అంటారు. ఎండాకాలంలో గుంటూరు యార్డుకు సెలవులిస్తే ధరల పేజీ ఎవరు తెరుస్తారు? వాట్సాప్ గుంపుల నుంచి వచ్చే జనం ఎంత, గూగుల్ నుంచి ఎంత అన్నది కూడా విడదీసి అడగండి. గుంపు ఆయనది. సైటు అమ్మినా గుంపు ఆయన దగ్గరే ఉంటుంది.

కొత్తబాట · సాయంత్రం 6:50

ఫోను చేశాను. సెర్చ్ కన్సోల్ అనుమతి ఇస్తారట. కానీ ముందు మిగతా డబ్బు వేయమంటున్నారు, వేరే కొనుగోలుదారు వరుసలో ఉన్నారట.

ఎడిసన్ అత్తయ్య · 6:52

వేయకండి.

లెక్కల పంతులు · 6:53

వేయకండి. బయానా రాతపూర్వకంగా ఇచ్చారా, ఫోను యాప్‌లో పంపారా? రసీదు, ఆ పట్టిక, మాటలు అన్నీ దాచిపెట్టండి.

నాగలి · 6:58

వేయకండి. ఈ ఒక్క విషయంలోనే పంతులు గారితో ఏకీభవిస్తున్నాను. మిరప మీద రాయాలనే ఉంటే నాకు సందేశం పెట్టండి, నల్లి, తామర పురుగు ఫోటోలు ఇస్తాను. డబ్బు రాదు, ముందే చెబుతున్నాను.

లెక్కల పంతులు · 7:04

చూశారా, ఆదాయం అంచనా ముందే చెప్పారు.

సందుచివర · 7:30

కొత్తబాట గారూ, ఆ అమ్మేవారి పట్టికలో పోటీ గడికి ఏ శీర్షిక పెట్టారు? "ర్యాంకు పోటీ" అని మార్చి ఉంటే మాత్రం చెప్పండి.